కనిపించని కాంతికి శ్రుతి: మధ్య పరారుణ లేజర్లలో తరంగదైర్ఘ్యం ఎలా మారుతుంది?

చీకటి చేసిన గది. బల్ల మీద చిటికెన వేలంత పొడవున్న లిథియం నయోబేట్ స్ఫటికం. దాని గుండా 1.03 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల లేజర్ కాంతి పోతోంది (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు). అది కంటికి కనిపించదు. స్ఫటికంలో పుట్టి బయటికి వచ్చే 3.3 మైక్రాన్ల కాంతి కోసమే ఇంత సరంజామా, అదీ కనిపించదు. అయినా స్ఫటికం అవతల తెల్ల కాగితం పెడితే దాని మీద నారింజ రంగు చుక్క ఒకటి పడుతుంది. స్ఫటికాన్ని పక్కకు కొద్దిగా జరిపితే ఆ చుక్క మెల్లగా పసుపులోకి తిరుగుతుంది. పని తెలిసినవారు ఆ రంగు చూసి, అసలు కాంతి 3.3 నుంచి 4.5 మైక్రాన్ల దాకా వెళ్లిందని పరికరం వైపు చూడకుండానే చెప్పేస్తారు.

ఆ చుక్క ఎవరూ కోరి పుట్టించింది కాదు. పంపు అనే 1.03 మైక్రాన్ల కాంతి స్ఫటికంలో రెండుగా చీలుతుంది. చీలిన వాటిలో ఎక్కువ శక్తి గలదాన్ని సిగ్నల్ అంటారు, తక్కువ శక్తి గలదాన్ని ఐడ్లర్ అంటారు. పనికొచ్చే మధ్య పరారుణ కాంతి ఈ ఐడ్లరే. పంపూ సిగ్నలూ కాస్త కలిసిపోయి పక్కదారిన పుట్టించే మూడో కాంతే కాగితం మీద కనిపించే చుక్క. ఐడ్లర్ 3.3 మైక్రాన్ల దగ్గర ఉన్నప్పుడు దాని తరంగదైర్ఘ్యం సుమారు 610 నానోమీటర్లు, అంటే నారింజ. ఐడ్లర్ 4.5కి చేరితే అది సుమారు 582, అంటే పసుపు. తరంగదైర్ఘ్యం మారడమంటే లోపల ఏం జరుగుతుందో ఈ చుక్కలో చాలావరకు ఉంది: ఒక కాంతి కదిలితే దానితో ముడిపడిన కాంతులన్నీ కదులుతాయి.

రేడియోలో స్టేషన్ మార్చడంతో దీన్ని పోల్చడం పరిపాటి. ఆ పోలిక సరిపోదు. వీణే దగ్గరి పోలిక. బిరడ తిప్పి ఒక తీగను బిగిస్తే వీణ మొత్తం మీద లాగుడు మారుతుంది, పక్క తీగలు రవంత దిగుతాయి, వాటినీ సరిచేసుకోవాలి. మధ్య పరారుణ లేజర్‌లోనూ తరంగదైర్ఘ్యాన్ని కదిలిస్తే పల్స్ (అంటే ఒక్కో కాంతి మెరుపు) నిడివి, శక్తి, కిరణం దిశ, అది వచ్చి చేరే వేళ అన్నీ కదులుతాయి. వీటిలో ఎన్ని నిలకడగా ఉంటాయన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. ఎన్ని మైక్రాన్ల నుంచి ఎన్ని మైక్రాన్ల దాకా వెళ్తుందన్నది దాని తరువాతిది.

ఈ ప్రాంతమే ఎందుకు?

సుమారు 2 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండే కాంతికి ఒక ప్రత్యేకత ఉంది. అణువుల్లోని పరమాణువులు ఒకదానికొకటి దగ్గరవుతూ దూరమవుతూ కంపించే లయలు సరిగ్గా ఈ పౌనఃపున్యాల దగ్గరే ఉంటాయి. కార్బన్, హైడ్రోజన్ బంధం 3.3 నుంచి 3.5 మైక్రాన్ల దగ్గర కాంతిని మింగుతుంది. మీథేన్ వాయువు జాడ తెలిసేది అక్కడే. కార్బన్ డయాక్సైడ్ 4.26 దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ 4.7 దగ్గర, ప్రొటీన్ల వెన్నెముకలోని అమైడ్ బంధం 6 దగ్గర, ఓజోన్ 9.6 దగ్గర పట్టుబడతాయి. ఏ కంపనం పరారుణంలో కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది అణువు సౌష్ఠవం మీద ఆధారపడి ఉంటుంది. ఆ సౌష్ఠవాన్ని గణితపు సమూహ సిద్ధాంతంతో లెక్కగట్టే పనిలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు చేసిన కృషి ఈ శాస్త్రపు పునాదుల్లో ఒకటి. తెలుగు పాఠకులకు ఈ సంగతి తెలియాల్సినంతగా తెలియదు.

ఏ బంధం ఎక్కడ మింగుతుందో తెలుసుకోవడానికి మామూలు పరారుణ దీపం చాలు. ఆ బంధం ఎంత వేగంగా తన శక్తిని పక్కవారికి పంచుతుందో తెలియాలంటే అతివేగ లేజర్ కావాలి. ద్రవరూపంలోని నీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాన్ని ఒకసారి కదిపితే ఆ కదలిక సుమారు 200 ఫెమ్టోసెకన్లలో సద్దుమణుగుతుంది. ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లలో ఒక వంతు. అంత తక్కువ కాలంలో జరిగేదాన్ని చూడాలంటే కాంతి మెరుపు అంతకన్నా పొట్టిగా ఉండాలి, పైగా ఆ బంధం స్పందించే తరంగదైర్ఘ్యం దగ్గరే ఉండాలి. నీటికి 3 మైక్రాన్లు, ప్రొటీన్‌కు 6, మరో పదార్థానికి 10. ఒక్కో పదార్థానికి ఒక్కో లేజర్ కట్టడం కుదరదు కనుకే శ్రుతి మార్చగల లేజర్ అవసరమైంది.

నేరుగా ఇచ్చే లేజర్ ఎందుకు దొరకదు?

కంటికి కనిపించే కాంతికి దగ్గరలో ఈ సమస్యకు మంచి జవాబు ఎప్పుడో దొరికింది. 1982లో ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో పీటర్ మౌల్టన్ చూపిన టైటానియం సఫైర్ లేజర్ సుమారు 650 నుంచి 1100 నానోమీటర్ల దాకా ఎక్కడైనా వెలగగలదు. అలాంటి పదార్థం 10 మైక్రాన్ల దగ్గర ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు వేడిలో ఉంది. 10 మైక్రాన్ల ఫోటాన్ శక్తి 0.124 ఎలక్ట్రాన్ వోల్టులు. ఘనపదార్థంలోని పరమాణువుల సామూహిక కంపనాల శక్తి దానికి మరీ దూరంగా ఉండదు. ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి దిగేటప్పుడు కాంతిగా వెలిగే బదులు స్ఫటికాన్ని వేడిచేసి చల్లగా జారుకుంటుంది.

అయినా కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 1990లలో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల నుంచి వచ్చిన క్రోమియం కలిపిన జింక్ సెలినైడ్, జింక్ సల్ఫైడ్ పదార్థాలు 2 నుంచి 3 మైక్రాన్లు దాటేదాకా చక్కగా పనిచేస్తాయి. వాటిని మధ్య పరారుణపు టైటానియం సఫైర్ అని పిలవడం ఊరికే కాదు. ఇనుము కలిపిన జింక్ సెలినైడ్ 4, 5 మైక్రాన్లకు చేరుతుంది, కానీ చల్లబరిస్తేనే దాని సత్తా బయటపడుతుంది. ఎర్బియం కలిపిన ఫ్లోరైడ్ ఫైబర్ 2.8 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ప్రయోగశాలలో నిర్మించిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10 మైక్రాన్ల దగ్గర విపరీతమైన శక్తినిస్తుంది. అయితే అది మెట్లుమెట్లుగా విడివిడి గీతల మీదే నిలుస్తుంది, మధ్యలో ఆగదు. 1994లో అదే బెల్ ప్రయోగశాలలో వచ్చిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్ నిరంతర కాంతికి అద్భుతమైన సాధనం. ఫెమ్టోసెకను పల్స్‌ల విషయంలో మాత్రం ఇబ్బంది పెడుతుంది: అందులో ఎలక్ట్రాన్లు పికోసెకన్లలోనే (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) తిరిగి సర్దుకుంటాయి కనుక శక్తిని కూడబెట్టి ఒక్క మెరుపుగా విడుదల చేయడం దానికి కష్టం.

అందువల్ల ఈ రంగం దాదాపు మొత్తం ఇంకో దారి పట్టింది. బలమైన, నమ్మదగిన లేజర్ ఒకదాన్ని 0.8 లేదా 1.03 లేదా 2 మైక్రాన్ల దగ్గర నడిపి, దాని ఫోటాన్‌ను స్ఫటికంలో చీల్చి కావలసిన ముక్క తీసుకోవడం.

చీలిక లెక్క

పంపు ఫోటాన్ శక్తి, సిగ్నల్, ఐడ్లర్ ఫోటాన్ల శక్తుల మొత్తానికి సమానం. శక్తి పోదు, రాదు. ఈ ఒక్క నియమం నుంచే ఆసక్తికరమైన సంగతి ఒకటి బయటపడుతుంది. పంపు 1.03 మైక్రాన్లు అనుకుందాం. సిగ్నల్ 1.5 దగ్గర ఉంటే ఐడ్లర్ 3.29 మైక్రాన్లు. సిగ్నల్ 1.4కు వస్తే ఐడ్లర్ 3.9. సిగ్నల్ 1.3 అయితే ఐడ్లర్ 4.96. సిగ్నల్ జరిగింది 0.2 మైక్రాన్లు, ఐడ్లర్ జరిగింది దాదాపు 1.7 మైక్రాన్లు. పెద్ద రాశిలోంచి చిన్న రాశి మిగిలే తీసివేతలో ఎప్పుడూ ఇంతే. పై సంఖ్య కొంచెం కదిలితే మిగులు చాలా కదులుతుంది.

ఈ లాభమే నష్టం కూడా. టైటానియం సఫైర్ లేజర్‌తో 10 మైక్రాన్ల పైకి వెళ్లాలంటే సాధారణంగా రెండు మెట్లు ఎక్కుతారు. మొదట 0.8 మైక్రాన్ల పంపును సిగ్నల్, ఐడ్లర్‌గా చీలుస్తారు. తరువాత ఆ రెండింటి తేడాను ఇంకో స్ఫటికంలో రాబడతారు. సిగ్నల్ 1.3 మైక్రాన్లయితే చివరి కాంతి 3.47. సిగ్నల్ 1.4 అయితే 5.6. సిగ్నల్ 1.5 అయితే ఏకంగా 12. ఇక అక్కడి నుంచి సిగ్నల్ కేవలం 10 నానోమీటర్లు కదిలితే చివరి కాంతి 13.4 మైక్రాన్లకు ఎగిరిపోతుంది. గదిలో ఉష్ణోగ్రత మారి అద్దం పట్టు రవంత సడలినా, మొదటి మెట్టులో కనిపించని తేడా రెండో మెట్టులో పెద్ద జారుడుగా బయటపడుతుంది.

శక్తి లెక్క కుదిరితే సరిపోదు. ద్రవ్యవేగపు లెక్కా కుదరాలి. స్ఫటికంలో ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో వేగంతో నడుస్తుంది కనుక, స్ఫటికం ముందుభాగంలో పుట్టిన ఐడ్లర్ తరంగమూ వెనకభాగంలో పుట్టినదీ అడుగు కలవకపోతే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 1961లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం కెంపు లేజర్ కాంతిని క్వార్ట్జ్ గుండా పంపి దాని పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసినప్పుడు ఈ అడుగు కలపలేదు. వచ్చిన కాంతి ఎంత తక్కువంటే, ఫొటోలోని ఆ చిన్న చుక్కను మురికి మచ్చ అనుకుని పత్రికవారు చెరిపేశారు. అచ్చయిన పేజీలో చుక్క వైపు బాణం గుర్తు ఉంటుంది, చుక్క ఉండదు.

అడుగు కలపడానికి మూడు దారులున్నాయి. మొదటిది కోణం. కొన్ని స్ఫటికాల్లో కాంతి వేగం దాని ధ్రువణాన్ని, ప్రయాణ దిశను బట్టి మారుతుంది. స్ఫటికాన్ని కొద్ది డిగ్రీలు తిప్పితే ఏ సిగ్నల్, ఐడ్లర్ జంటకు అడుగు కలుస్తుందో ఆ జంటే బయటికి వస్తుంది. రెండోది ఉష్ణోగ్రత. 1965లో జియోర్డ్‌మెయిన్, మిల్లర్ బెల్ ప్రయోగశాలలో నడిపిన మొట్టమొదటి ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్‌లో (పంపును చీల్చే స్ఫటికాన్ని అద్దాల మధ్య పెట్టి, పుట్టిన కాంతిని మళ్లీ మళ్లీ దాని గుండా తిప్పే అమరిక ఇది) తరంగదైర్ఘ్యాన్ని మార్చింది స్ఫటికాన్ని వేడిచేసే. మూడోది 1962లోనే కాగితం మీద ప్రతిపాదనగా వచ్చి, దశాబ్దాల తరువాత చేతికందినది: స్ఫటికంలోని ధ్రువ దిశను క్రమం తప్పకుండా తలకిందులు చేస్తూ పోవడం. అడుగు తప్పబోయే చోటల్లా స్ఫటికమే దిశ మార్చుకుని సర్దేస్తుంది. లిథియం నయోబేట్‌లో 1 మైక్రాన్ పంపుకు ఈ పట్టీల ఆవర్తనం సుమారు 30 మైక్రాన్లు, వెంట్రుక మందం కన్నా తక్కువ. పట్టీలను విసనకర్ర ఆకులలా ఒక వైపు దగ్గరగా, ఇంకో వైపు ఎడంగా చెక్కితే స్ఫటికాన్ని పక్కకు జరపడంతోనే తరంగదైర్ఘ్యం ఆగకుండా మారుతూ పోతుంది. మొదట చెప్పిన నారింజ చుక్క పసుపుగా మారింది ఇలాంటి స్ఫటికంలోనే. కోణం తిప్పినప్పుడు కిరణం పక్కకు జరిగే బెడద దీనిలో దాదాపు ఉండదు. అదే దీని గొప్పతనం.

పొట్టి పల్స్ పెట్టే కష్టం

నిరంతర లేజర్‌కు ఇంతవరకు చెప్పినది చాలు. ఫెమ్టోసెకను పల్స్‌కు ఇంకో నిబంధన వచ్చి పడుతుంది. పల్స్ ఎంత పొట్టిదైతే దాని రంగుల వెడల్పు అంత ఎక్కువ. 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌కు కనీసం 4.4 టెరాహెర్ట్జ్ వెడల్పు కావాలి. 4 మైక్రాన్ల దగ్గర అది 235 నానోమీటర్లకు సమానం. అంటే "4 మైక్రాన్ల పల్స్" అన్న మాటే ఒక సౌలభ్యం; నిజానికి అది 3.9 నుంచి 4.1 దాకా పరుచుకున్న కాంతి. ఆ మొత్తానికీ ఒకేసారి అడుగు కలవాలి.

స్ఫటికం మందంగా ఉంటే కాంతి మార్పిడి బాగా జరుగుతుంది, కానీ పంపు పల్స్, సిగ్నల్ పల్స్ వేర్వేరు వేగాలతో నడిచి దారిలోనే విడిపోతాయి, రంగుల వెడల్పు కుంచించుకుపోతుంది. పలుచగా ఉంటే వెడల్పు దక్కుతుంది, శక్తి తగ్గుతుంది. పైగా ఈ వేగాల తేడా అన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరా ఒకేలా ఉండదు. 3.3 దగ్గర 100 ఫెమ్టోసెకన్లు ఇచ్చే స్ఫటికం మరో చోట 200 ఇవ్వవచ్చు. ప్రయోగం చేసేవారు తరంగదైర్ఘ్యం మాత్రమే మార్చామనుకుంటారు. వారికి తెలియకుండానే పల్స్ నిడివీ మారి ఉంటుంది. రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర వచ్చిన ఫలితాల్లోని తేడా అణువుదా, పల్స్‌దా అన్న చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గరా పల్స్ నిడివిని విడిగా కొలవడం విసుగు పుట్టించే పని. అయినా ఆ కొలత లేని ఫలితాన్ని నమ్మడం కష్టం.

సింక్రనస్ పంపింగ్‌తో, అంటే పంపు పల్స్‌ల వేళకు సిగ్నల్ వేళ కలిపి, నడిచే ఆసిలేటర్‌లో ఇదే వేగాల తేడా ఎంతో అందమైన రూపంలో కనిపిస్తుంది. పంపు లేజర్ సెకనుకు 8 కోట్ల పల్స్‌లు ఇస్తోందనుకుందాం. రెండు పల్స్‌ల మధ్య 12.5 నానోసెకన్లు. సిగ్నల్ పల్స్ అద్దాల మధ్య ఒక చుట్టు తిరిగి రావడానికి సరిగ్గా అంతే సమయం పట్టాలి, అప్పుడే తరువాతి పంపు పల్స్‌ను స్ఫటికంలో కలుసుకుంటుంది. ఆ చుట్టు పొడవు 3.75 మీటర్లు. ఇప్పుడు ఒక అద్దాన్ని కొద్ది మైక్రాన్లు వెనక్కి జరిపితే ఏమవుతుంది? దారి పెరిగింది కనుక పల్స్ ఆలస్యం కావాలి, కలయిక తప్పాలి, వెలుగు ఆరిపోవాలి. కానీ ఆరదు. సిగ్నల్ తనంతట తానే తరంగదైర్ఘ్యం మార్చుకుని, స్ఫటికంలో కాస్త వేగంగా నడిచే రంగులోకి జరిగి, వేళకు వచ్చి చేరుతుంది. సిగ్నల్ మారితే ఐడ్లరూ మారుతుంది. నాలుగు మీటర్ల దారిలో వెంట్రుక మందం కూడా లేని కదలికతో శ్రుతి మార్చే ఈ పద్ధతిలో తిప్పాల్సిన స్ఫటికం లేదు, పక్కకు జరిగే కిరణం లేదు. ఇదే గుణం వల్ల బల్ల ఉష్ణోగ్రత మారినా తరంగదైర్ఘ్యం జారుతుంది కాబట్టి, కుహరం (అద్దాల మధ్య దారి) పొడవును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పట్టి ఉంచడం తప్పనిసరి.

5 మైక్రాన్ల గోడ

లిథియం నయోబేట్ 4.5 మైక్రాన్లు దాటాక తానే కాంతిని మింగడం మొదలుపెడుతుంది. ఆక్సిజన్ ఉన్న స్ఫటికాలన్నిటికీ ఇంచుమించు అక్కడే గోడ. ఆ గోడ దాటాలంటే గంధకం, సెలీనియం, ఫాస్ఫరస్, ఆర్సెనిక్ లాంటి బరువైన మూలకాలున్న స్ఫటికాలు కావాలి. ఒక్కోదానిదీ ఒక్కో పేచీ. జింక్ జర్మేనియం ఫాస్ఫైడ్ మార్పిడిలో దిట్ట, కానీ 2 మైక్రాన్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యపు పంపును మింగేసి వేడెక్కుతుంది. దానికోసం హోల్మియం లేజర్ వేరుగా కట్టుకోవాలి. సిల్వర్ గాలియం సల్ఫైడ్ ఎన్నో ఏళ్లుగా ప్రయోగశాలల్లో పనిచేస్తున్నా బలమైన పంపుకు తట్టుకోలేక దెబ్బతింటుంది. లిథియం గాలియం సల్ఫైడ్ 1 మైక్రాన్ పంపును ఓర్చుకుంటుంది, కానీ దాని మార్పిడి బలం తక్కువ.

గాలియం సెలినైడ్ కథ ఇంకా విచిత్రం. 0.62 నుంచి 20 మైక్రాన్ల దాకా పారదర్శకం. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి స్ఫటికం ఉండదు. కానీ అది అభ్రకంలా పొరలు పొరలుగా ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. కావలసిన కోణంలో కోసి మెరుగు పెట్టడం సాధ్యం కాదు. పొర వెంట చీల్చినదాన్నే వాడాలి. అందుకని కిరణానికి అడ్డంగా దాన్ని బాగా వంచి పెట్టాల్సి వస్తుంది, ఆ వంపుతో ఉపరితలం నుంచి కాంతి ప్రతిఫలించి కొంత వృథా అవుతుంది. అయినా దీర్ఘ తరంగదైర్ఘ్యాల దగ్గర చాలామంది చివరికి దీన్నే ఆశ్రయిస్తారు. అదనపు పూత లేని, చేత్తో ముట్టుకోలేని ఆ చిన్న ముదురు ఎరుపు ఫలకం మీద ఎన్ని పరిశోధనలు ఆధారపడ్డాయో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

గాలి కూడా అడ్డమే. తరంగదైర్ఘ్యాన్ని 4 నుంచి 4.5 మైక్రాన్ల దాకా జరుపుతూ పోతే మధ్యలో, 4.26 దగ్గర, శక్తి ఉన్నట్టుండి పడిపోతుంది, వర్ణపటంలో ఎవరో కొరికినట్టు గొయ్యి కనిపిస్తుంది. కొత్తవారు స్ఫటికం పాడైందనుకుంటారు. అసలు దొంగ గదిలోని గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్, అందులో కొంత అక్కడ నిలబడి ఊపిరి వదులుతున్నవారిదే. 5.5 నుంచి 7.5 మైక్రాన్ల మధ్య నీటి ఆవిరి సన్నటి గీతలుగా ఇదే పని చేస్తుంది. తేమ ఎక్కువైన రోజుల్లో ఆ గీతలు మరింత లోతుగా పడతాయి. ప్రొటీన్ల 6 మైక్రాన్లు సరిగ్గా ఈ ముళ్లపొదలోనే ఉండటం వల్ల కిరణం దారి మొత్తాన్నీ పెట్టెలో మూసి పొడి నైట్రోజన్ నింపడం అలంకారం కాదు, అవసరం. మామూలు గాజు కటకాలు ఇక్కడ పనికిరావు. కాల్షియం ఫ్లోరైడ్, పసుపుపచ్చటి జింక్ సెలినైడ్, చూపుకు లోహంలా కనిపించే జర్మేనియం కావాలి. గది ఉష్ణోగ్రతలో ఉన్న గోడలు, బల్లలు, మనుషులు అందరూ 10 మైక్రాన్ల దగ్గర స్వయంగా వెలుగుతూ ఉంటారు కనుక గుర్తించే పరికరాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచక తప్పదు.

ఫైబర్‌లో జారే సాలిటాన్

స్ఫటికం తిప్పే పని లేకుండా శ్రుతి మార్చే దారి ఇంకొకటి ఉంది, దాని మూలం సి.వి. రామన్ 1928లో కనుగొన్న ప్రభావంలో ఉంది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన రామన్, కాంతి అణువులకు కాస్త శక్తి ఇచ్చి రంగు మార్చుకుంటుందని చూపారు. పొట్టి పల్స్ ఫైబర్‌లో పోతున్నప్పుడు దానిలోని నీలం వైపు రంగులు ఎరుపు వైపు రంగులకు ఈ ప్రభావం ద్వారానే శక్తిని అందిస్తూ పోతాయి. పల్స్ ఆకారం చెడకుండానే తరంగదైర్ఘ్యం పొడవు వైపు జారుతుంది. ఇలా ఆకారం నిలుపుకుంటూ సాగే పల్స్‌నే సాలిటాన్ అంటారు. 1986లో మిట్ష్‌కె, మోలెనావర్ దీన్ని గమనించారు. దాన్ని వివరించిన గోర్డాన్ లెక్క ప్రకారం పల్స్ నిడివి సగమైతే జారుడు వేగం పదహారింతలవుతుంది. ఫైబర్‌లోకి పంపే శక్తిని పెంచితే ఎక్కువ జారుతుంది, తగ్గిస్తే తక్కువ. అంతే, ఇంకేదీ తిప్పనక్కర్లేదు. మామూలు సిలికా ఫైబర్ 2.4 మైక్రాన్లు దాటితే కాంతిని మింగేస్తుంది కనుక ఫ్లోరైడ్ ఫైబర్ వాడతారు. కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 2016లో ఇలా 2 నుంచి 4.3 మైక్రాన్ల దాకా జరిగే సుమారు 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌లను చూపింది. పల్స్ నిడివి, కిరణం దిశ చెదరకుండా తరంగదైర్ఘ్యం ఒక్కటే మారడం దీనిలోని బలం. రోగుల దగ్గరికో, కర్మాగారంలోకో తీసుకుపోగల పరికరం కావాలంటే ఈ దారికే ఎక్కువ అవకాశం ఉంది. పరిమితీ అక్కడే ఉంది: ఫ్లోరైడ్ గాజు పారదర్శకత ఆగే చోట ఈ ప్రయాణమూ ఆగుతుంది.

ఎంత దూరమైనా వెళ్లగలవి ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్లు. వాటిలో కాంతినిచ్చే పదార్థమే ఉండదు; అయస్కాంతాల వరుసల మధ్య వంకరటింకరగా పరుగెత్తే ఎలక్ట్రాన్లే వెలుగుతాయి. అయస్కాంతాల మధ్య ఎడం మార్చితే తరంగదైర్ఘ్యం మారుతుంది. నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో ఉన్న ఫెలిక్స్ అలాంటిదే. కానీ అది భవనమంత యంత్రం. పరిశోధకులే దాని దగ్గరికి వెళ్లాలి.

శ్రుతి మార్చకుండా

ఇటీవలి సంవత్సరాల్లో బలపడిన ఆలోచన ఒకటి ఈ చర్చనే మలుపు తిప్పింది. ఒక్కో తరంగదైర్ఘ్యానికీ విడిగా వెళ్లే బదులు అన్నిటినీ ఒకేసారి వెలిగిస్తే? రెండు మూడు కాంతి చక్రాలంత పొట్టిదైన పంపు పల్స్‌లో రంగుల వెడల్పు ఎంతో ఉంటుంది. ఆ పల్స్‌లోని నీలం వైపు రంగుకూ ఎరుపు వైపు రంగుకూ మధ్య ఉన్న తేడానే స్ఫటికంలో మధ్య పరారుణ కాంతిగా పుడుతుంది. రెండు కిరణాలను కలిపే అవస్థ, వాటి వేళలు సరిచూసే అవస్థ రెండూ పోతాయి. 2015లో జర్మనీలోని గార్కింగ్‌లో మాక్స్ ప్లాంక్ క్వాంటమ్ ఆప్టిక్స్ సంస్థ బృందం ఈ పద్ధతిలో 6.8 నుంచి 16.4 మైక్రాన్ల దాకా పరుచుకున్న పల్స్‌లను సెకనుకు 10 కోట్ల చొప్పున పుట్టించింది. 2020 నాటికి అక్కడి బృందమే అలాంటి కాంతితో రక్త ద్రవంలాంటి జీవ నమూనాల నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రాన్ని తరంగం తరంగంగా కొలిచి చూపింది. 2023లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఫెరెన్స్ క్రౌస్ ఆ పరిశోధనకు సారథి.

వర్ణపటం మొత్తం చదవాల్సిన పనికి ఇదే సరైన దారి. అన్ని పనులకూ కాదు. ఒక్క బంధాన్ని గట్టిగా కదిపి మిగతా అణువు ఏం చేస్తుందో చూడాలంటే శక్తినంతా ఆ ఒక్క చోట కేంద్రీకరించాలి. అక్కడ శ్రుతి మార్చే లేజర్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఇక బలమైన కాంతి క్షేత్రంతో ఎక్స్ కిరణాలు పుట్టించేవారికి ఈ రెండూ అక్కర్లేదు. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఎలక్ట్రాన్‌కు అందే శక్తి నాలుగింతలవుతుంది కనుక వారు పొడవైన ఒక్క తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకుని దాని దగ్గరే స్థిరపడతారు. వియన్నాలో నిర్మించిన 3.9 మైక్రాన్ల లేజర్‌తో 2012లో 1.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా అనుస్వరాలు, అంటే అసలు కాంతి పౌనఃపున్యానికి ఎన్నో రెట్లు ఉండే కాంతులు, పుట్టించారు. 5,000 కన్నా ఎక్కువ ఫోటాన్లు కలిసి ఒక్క ఎక్స్ కిరణ ఫోటాన్ అయ్యాయి. ఆ లేజర్‌కు తరంగదైర్ఘ్యం మార్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

కొత్తగా ప్రయోగశాల పెట్టుకునేవారికి అందే వివరణ పత్రాల్లో "2 నుంచి 16 మైక్రాన్లు" అన్న అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది చెప్పేది చాలా తక్కువ. ఆ రెండు కొసల మధ్య ప్రతి చోటా శక్తి ఎంతో, పల్స్ నిడివి ఎంతో, ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయినప్పుడు కిరణం నమూనా మీద ఎంత జరుగుతుందో, ఎన్ని మోటార్లు ఎంతసేపు సర్దుకుంటాయో, మళ్లీ పాత చోటికి వస్తే పాత కాంతే దొరుకుతుందో లేదో అడగాలి. ముందుగా చూడాల్సింది శక్తిని తరంగదైర్ఘ్యంతో పాటు గీసిన వక్రరేఖ. అందులో 4.26 మైక్రాన్ల దగ్గర గొయ్యి ఉంటే ఆ కొలత మామూలు గాలిలో, ఉన్నది ఉన్నట్టు తీసినది. గొయ్యి లేకపోతే దారంతా నైట్రోజన్ నింపి కొలిచారా, లేక రెండు బిందువులను కలిపి మధ్యలో నున్నగా గీత గీసేశారా అని నేరుగా అడగాలి.